అరగని టైర్లు

లారీ టైరు ఎప్పుడు మార్చాలో చెప్పడానికి మా బావ ఒక అగ్గిపుల్ల వాడేవాడు. టైరు మీద గట్ల మధ్య ఉండే గాడిలో దాన్ని నిలబెట్టేవాడు. పుల్ల సగం దాకా దిగితే టైరుకు ఢోకా లేదు. మందు తల మటుకే మునిగితే వెనక చక్రాలకు మార్చుకోవాలి. తల పైకి కనిపిస్తే తీసి పారేయాలి. ఇంతకు మించి ఆయన దగ్గర టైర్ల గురించి చర్చ ఉండేది కాదు. పుల్ల తిరిగి అగ్గిపెట్టెలోకి వెళ్ళేది. సాయంత్రం అక్క దానితోనే దేవుడి దగ్గర దీపం వెలిగించేది.

ఈ పద్ధతి ఆయనకు లారీల వాళ్ళ దగ్గర అబ్బింది కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పని లాడిళ్ళ దగ్గర. కరిగిన ఉక్కును మోసే పెద్ద గదంత బకెట్టును లాడిల్ అంటారు. దాని లోపల చుట్టూ ఇటుక గోడ ఉంటుంది. ఉక్కు పోసిన ప్రతిసారీ ఆ వేడికి ఇటుక కొంత తరిగిపోతుంది. మిగిలిన మందం చూసి, ఇంకా వాడవచ్చా, పడగొట్టి కొత్త గోడ కట్టాలా అని తేల్చేవాళ్ళలో ఆయన ఒకడు. "మందం ఉందంటే ప్రాణం ఉన్నట్టే" అనేవాడు. రిటైరయ్యాక భిలాయిలోనే రుఆబాంధా పేట అంచున ఇల్లు కట్టుకుని, పది చక్రాల పాత లారీ ఒకటి కొన్నాడు. ఇటుకను చూసిన కళ్ళతోనే టైరునూ చూశాడు. చాలా ఏళ్ళు ఆ చూపు తప్పలేదు కూడా.

తర్వాత ఆయన గుండెకు ఆపరేషన్ జరిగింది. అంతకు అయిదు నెలల ముందే ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించాడు. ఆపరేషన్ తర్వాత డ్రైవరు వేరే బండి చూసుకున్నాడు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో లారీ నిలబడిపోయింది. నాలుగు వానాకాలాలు అది అక్కడే ఉంది. ఎండలు ఎన్ని కాశాయో చెప్పనక్కర్లేదు, భిలాయి ఎండ సంగతి ఇక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. అమ్మేయమని అక్క అడిగిన ప్రతిసారీ, "ముందు టైర్లు కొత్తవే, ఇప్పుడేటి తొందర" అనేవాడు. ఆ రెండు టైర్లూ ఆయన మళ్ళీ లేచి తిరుగుతాననడానికి పూచీ అన్నట్టు మాట్లాడేవాడు.

దుర్గ్, భిలాయి వార్తలు రాసే ఒక హిందీ దినపత్రికలో నేను ఉద్యోగ జీవితమంతా గడిపి మానుకున్నాను. భిలాయి టౌన్‌షిప్ సెక్టర్ 7లో ఉంటున్నాను. పొద్దున పేపరు చదవడం ముగించి స్కూటరు మీద అక్క ఇంటికి వెళ్ళి టీ తాగడం ఇప్పుడు నా దినచర్య. ఆ సెప్టెంబరులో ఒక రోజు వెళ్ళేసరికి లారీ బానెట్ ఎత్తి ఉంది. కింద ఎవరివో రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ వెంటే ఒక నలభై అయిదేళ్ళ మనిషి బయటికి జరిగి వచ్చాడు. వాళ్ళ నాన్న, మా బావ ప్లాంటులో ఒకే గ్యాంగులో చేశారు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్ళే. ఇతను మాత్రం ఇక్కడే పుట్టాడు. పక్కనే ఉన్న ఉతై ఊళ్ళో ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు, ఇరవై ఏళ్ళుగా డ్రైవింగు. విశ్వకర్మ పూజ అయిన మర్నాడు బావ లారీలో ఇనుప చువ్వల లోడు వేసుకుని విశాఖపట్నం బయల్దేరడానికి ఒప్పుకుని వచ్చాడు.

ఆ దారి ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ధమ్‌తరీ, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాలి. జగ్దల్‌పూర్ మీదుగా వెళ్ళి, ఆఖర్న సాలూరు ఘాట్ దిగాలి. సామాన్లతో పాటు పెళ్ళి శుభలేఖలూ, చావు కబుర్లూ కూడా ఒకప్పుడు ఆ దారిలో లారీ డ్రైవర్ల చేతుల మీదుగానే వెళ్ళేవి.

బండిని స్టార్ట్ చేసి, ఉతై రోడ్డు మీద కొంత దూరం తిప్పి తెచ్చాక అతను దిగి ముందు టైరు దగ్గర నిలబడ్డాడు.

"బాబాయ్, ముందు రెండూ మార్చెయ్యాలి."

బావ నవ్వాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. పుల్లను గాడిలో నిలబెట్టాడు. సగానికి పైగా దిగింది.

"సూడు. నీ కళ్ళతో నువ్వే సూడు. గట్టు నిండా ఉంది. అయిదు నెల్లు తిరిగిన టైరురా ఇది."

"గట్టు ఉంది, నేదన్నానా? మొదటి రెండు కిలోమీటర్లూ బండి కుంటతన్నాది. స్టీరింగ్ చేతిలో ఒణుకుతన్నాది."

"నాలుగేళ్ళు నించున్న బండి కుంటదా మరి? ఆపరేసన్ అయ్యాక నేను కుంటనేదా? నడవగా నడవగా సర్దుకుంటాది."

"నువ్వు ఇరవై టన్నులు మోసుకుని ఘాట్ దిగలేదు కదా బాబాయ్."

అక్క టీ గ్లాసులు పట్టుకుని వస్తూ ఫక్కున నవ్వింది. బావకు నవ్వు రాలేదు. "టైర్లు కాదురా, నీ ధైర్యం అరిగిపోనాది. మీ నాన్న ఉడుకుతున్న లాడిల్ పక్కన నిలబడి బీడీ కాల్చినోడు" అన్నాడు.

"నాన్న పక్కన నిలబడ్డాడు బాబాయ్. దాని మీద కూచుని ఘాట్ దిగలేదు." అని, నా వైపు తిరిగి, "పేపరు బాబాయ్, ఆప్ హీ బోలో. నువ్వయినా చెప్పు" అన్నాడు.

నేను టీ తాగుతూ ఉండిపోయాను. ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు ఇద్దరి మాటా విని, ఏ పక్షమూ చేరకుండా ఉండడం వృత్తిలో అలవాటైన పద్ధతి. అది మంచి పద్ధతే అని చాలా కాలం అనుకున్నాను. "నాకు టైర్ల గురించి ఏం తెలుసు" అన్నాను. అది అబద్ధం కాదు.

డబ్బుకు వెనకాడే మనిషి కాదు బావ. వెనక ఎనిమిది టైర్లూ మారుద్దామంటే మాట్లాడకుండా మార్చాడు, పుల్ల తల పైకి కనిపించింది కాబట్టి. ముందువి మాత్రం ఆయన కొలతకు నిలిచాయి. వాటిని కాదనడం అంటే ఆయన జీవితమంతా చేసిన పనిని కాదనడమే. ఈ కొత్త డ్రైవరు తర్వాతి రోజూ అడిగాడు, ఆ తర్వాతి రోజూ అడిగాడు. గ్రీజు పెడుతూ ఒకసారి, బ్రేకులు సరిచూస్తూ ఒకసారి. ప్రతిసారీ అగ్గిపుల్ల బయటికి వచ్చేది. నాలుగో రోజు నుంచి అతను అడగడం మానేశాడు. బండి తీయనని మాత్రం అనలేదు. అంతకు ముందు నడిపిన బండిని వదిలేసి వచ్చాడు, నాన్న స్నేహితుడికి మాట ఇచ్చాడు. అలాంటి మనిషి అడగడం మానేశాడంటే ఒప్పుకున్నాడని కాదు అర్థం. నాకు ఆ సంగతి అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఎందుకంటే చాలా ఏళ్ళ కిందట ఒక ప్రమాదం వార్త రాశాను. లారీ ముందు టైరు పేలి, చెట్టును గుద్దుకుని డ్రైవరు చనిపోయాడు. నేను వెళ్ళలేదు. పోలీసు స్టేషనుకు ఫోను చేసి వివరాలు తీసుకున్నాను. టైరు పేలిందని, అతివేగం వల్ల బండి అదుపు తప్పిందని అవతలి వాళ్ళు చెప్పారు. ఎనిమిది వాక్యాలు రాసి ఇచ్చాను. అలాంటివి అప్పటికి ఎన్ని రాశానో గుర్తు లేదు. పదో రోజున ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. పేపరు కత్తిరింపు చీర కొంగులో మడిచి తెచ్చుకుంది. నేను తెలుగువాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు.

"బాబూ, స్పీడని రాసినారు. ఆయన స్పీడు తోలే మనిషి కాదు. ముందు టైరు ముసిలిదైపోనాది, మార్చమని నాలుగు నెల్ల నుంచీ సేటుకి చెప్తన్నాడు. ఇంటికొచ్చి నాకూ చెప్పేవోడు. మీరు ఆ టైరు చూసినారా?"

చూడలేదని చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "చూడనేదా" అని, కత్తిరింపు మళ్ళీ కొంగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. సవరణ వేయించవచ్చు. మర్నాడు అడుగుదామనుకున్నాను. మర్నాడు వేరే పని పడింది. టైరు ముసలిది అవుతుందన్న మాట నాకు అప్పుడు కొత్తగా వినిపించింది. అరుగుతుందని తెలుసు, పేలుతుందని తెలుసు. ముసలిదవడం ఏమిటో అడగాలని కూడా తోచలేదు.

విశ్వకర్మ పూజ రోజున భిలాయిలో స్పానర్ పట్టిన ప్రతి చేయీ పూజ చేస్తుంది. మా వాళ్ళు దానికి మన ఆయుధ పూజ పద్ధతులు కూడా కలిపేశారు. తెల్లవారే సరికి బావ లారీని కడిగించి ఉంచాడు. టైర్ల పక్కలను సబ్బుతో రుద్దించాడు. తడి ఆరాక నల్లగా, చక్కగా ఉన్నాయి. అక్క ఇంట్లోంచి పెద్ద గిన్నెతో పసుపు కలిపి తెచ్చింది. ఇంజను మీద ఒక బొట్టు పెట్టి ఊరుకునే మనిషి కాదు మా అక్క. గడపకు రాసినట్టు ముందు టైర్ల పక్కలకు చుట్టూ పట్టించి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టింది. వెనక వాటికి వచ్చేసరికి పసుపు అయిపోయింది, వేళ్ళతో చుక్కలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు. డ్రైవరు అద్దానికి దండ వేశాడు. ప్రసాదం తింటూండగా జల్లు మొదలైంది. అందరం వరండాలోకి వచ్చేశాం.

పావుగంట కురిసి ఆగింది. మళ్ళీ ఎండ వచ్చింది. అక్క హారతి పళ్ళెం తెచ్చుకోవడానికి లారీ దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"ఇదేటండీ, ఇలాగున్నాయి?" అంది. "ఒకసారి ఇటు రండి. అచ్చం నా మడమల్లాగున్నాయి."

దగ్గరికి వెళ్ళి చూశాం. పైన ఉన్న పసుపంతా వానకు కొట్టుకుపోయింది. కానీ టైరు పక్కన, ఇనుప రిమ్ముకూ గట్లకూ మధ్య భాగమంతా, వెంట్రుకంత సన్నని పచ్చటి గీతలు మిగిలాయి. ఒకటి, రెండు కాదు. చక్రం చుట్టూ వల అల్లినట్టు ఉన్నాయి. ఉదయం నల్లగా, నున్నగా కనిపించిన రబ్బరులో అన్ని పగుళ్ళు ఉన్నట్టు అప్పటిదాకా ఎవరి కంటికీ తెలియలేదు. శుక్రవారం పాదాలకు పసుపు రాసుకుని కడుక్కున్నాక, మడమల పగుళ్ళలో మాత్రం పసుపు ఉండిపోతుంది. అక్క వారం వారం చూసేది కాబట్టి ఆమెకు వెంటనే తెలిసింది. అవతలి పక్క టైరూ అలాగే ఉంది.

ఆ వారంలో మొదటిసారి డ్రైవరు బావ ముఖం వైపు చూడకుండా వేరేవైపు చూశాడు.

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు. ఒక పచ్చ గీత పక్కన బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. గీత నోరు తెరిచింది. లోపల పసుపు అందని చోట బూడిద రంగు కనిపించింది. వేలు తీశాడు, మూసుకుంది. ఇంకో చోట నొక్కాడు. అలా చక్రం చుట్టూ నొక్కుకుంటూ వెళ్ళాడు. చేయి అలవాటుగా జేబు దగ్గరికి వెళ్ళింది. అగ్గిపెట్టె తీయలేదు.

"ఇది కొని అయిదేళ్ళు కూడా అవనేదు" అన్నాడు.

"బాబాయ్, టైరు మీద నాలుగంకెలు ఉంటాయట. అది తయారైన వారం, ఏడాది" అన్నాడు డ్రైవరు. "టైరు షాపులో చెప్పగా విన్నాను. అంత సన్నటి అంకెలు నాకు కనబడవు."

చిన్న అక్షరాలు చదవడం నా పని. కళ్ళజోడు పైకి తోసి, మట్టిలో చేయి ఆనించి వెతికాను. కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యలో ఆ నాలుగంకెలూ దొరికాయి. మొదటి రెండూ వారం. చివరి రెండూ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. తప్పేమో అని మళ్ళీ లెక్కపెట్టాను. టైరుకు ఎనిమిదో ఏడు నడుస్తోంది. అంటే బావ కొత్తవని వేయించుకున్న రోజుకే అవి ఎక్కడో గోడౌనులో మూడేళ్ళు కూర్చుని ఉన్నాయి. గట్టు అరగలేదు, అరిగే పని పడలేదు కాబట్టి. రబ్బరుకు మాత్రం వయసు వచ్చేసింది. ఊరికే ఎండలో నిలబడ్డ టైరు తిరిగే టైరు కన్నా తొందరగా ఎండిపోతుందని డ్రైవరు తర్వాత చెప్పాడు.

ఆ అంకె పైకి చెప్పాను. ఇక్కడితో ఊరుకోవచ్చు. ఎప్పుడూ అక్కడితోనే ఊరుకునేవాణ్ణి. కానీ కొంగులో కాగితం మడుచుకున్న ఆవిడ గుర్తొచ్చింది.

"బావా, అతను మూడు రోజులు వరసగా చెప్పాడు" అన్నాను. "నేను విన్నాను. మొదటి రోజే నిన్ను ఆపాల్సింది. ఆపలేదు. ఈ టైర్లతో బండి కదలకూడదు."

బావ లేచి నాతో కాదు, డ్రైవరుతో మాట్లాడాడు. "ఇటుక మందం చూసేవోళ్ళం. కానీ ముందు పగులు చూసేవోళ్ళం. పగులుంటే మందం ఎంతున్నా ఒద్దనేవోణ్ణి. మీ నాన్నకి తెలుసు." వేలితో టైరును తట్టి, "ఇక్కడ మందమే చూసినాను" అన్నాడు.

"పోనీ బాబాయ్, ఎనక్కేద్దామా? ఎనక జంట టైర్లు కదా, ఒకటి పోయినా రెండోది మోస్తాది" అన్నాడు డ్రైవరు. పెద్దాయన బాధ చూసి అన్న మాట అది, నమ్మి అన్నది కాదు.

"పోయేదని తెలిసి మోయించడమేటిరా" అన్నాడు బావ. "స్టెప్నీగా కూడా ఒద్దు. తీసెయ్."

మర్నాడు వెళ్ళాల్సిన లోడు వేరే బండికి వెళ్ళిపోయింది. కొత్త టైర్లు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈసారి షాపులో బిగించే ముందు వాటిమీది అంకెలు నేనే చదివాను. ఒకటి ఏడాదిన్నర కిందటిది కనిపిస్తే బావ వెనక్కి పంపాడు. షాపువాడు విసుక్కున్నాడు. "టైరు కొంటున్నారా, పిల్లకి సంబంధం చూస్తున్నారా అంకుల్" అన్నాడు హిందీలో. డ్రైవరు ఒక్కడే నవ్వాడు.

పాత టైర్లు రెండూ స్థలంలో గోడకు ఆనించి ఉండగా, పాత సామాన్లు కొనే అతను రిక్షా బండి ఆపాడు. గట్టు చూసి వాడి ముఖం వెలిగింది. "పూరా మాల్ హై సాబ్, సరుకు నిండుగా ఉంది. ఎవరో ఒకరు వేసుకుంటారు, ఇచ్చేయండి" అన్నాడు. నల్లరంగు పూస్తే పగుళ్ళు కనబడవని కూడా అన్నాడు, మాకు తెలియని మేలు చెప్పినట్టు. బావ వాణ్ణి పంపేశాడు. లోపలికి వెళ్ళి పెద్ద కత్తి తెచ్చుకున్నాడు. టైరు పక్కను కోయడం మొదలుపెట్టాడు.

అది తేలిక పని కాదు. రబ్బరు కత్తిని పట్టేసుకుంటుంది. డ్రైవరు చెంబుతో నీళ్ళు తెచ్చి కోత మీద పోస్తూ ఉంటే కత్తి కాస్త జారింది. లోపలి నైలాను దారాలు ఒక్కొక్కటీ తెగుతూ చిన్న చప్పుడు చేశాయి. జానెడు కోయడానికే బావకు చెమటలు పట్టాయి. కత్తి అతనికి ఇచ్చి కూర్చున్నాడు.

"ఎంత గట్టిగున్నాది సూడు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "ఏమో మరి. ఇంకో ఏడాది నడిచేదేమో."

నడిచేదేమో. పేలితే పాతదని అందరికీ తెలుస్తుంది, ఎనిమిది వాక్యాల్లో వార్త వస్తుంది. ముందే తీసేస్తే, తీసిన మనిషి చేతిలో గట్టు అరగని టైరు మిగులుతుంది, తాను చేసింది సరైనదే అనే రుజువు మిగలదు. ఆయన ముఖం చూస్తే అది కష్టంగానే ఉన్నట్టు తెలిసింది. అయినా చెంబు తీసుకుని కోత మీద నీళ్ళు పోశాడు. నాలుగు పక్కలూ కోసేదాకా ఇద్దరూ ఆపలేదు. ఇక వాటిని ఎవరూ ఏ బండికీ వేయలేరు.

లారీ ఆ వారంలోనే ఇంకో లోడుతో వెళ్ళింది. మూడో రోజు మధ్యాహ్నం మేం అన్నాల దగ్గర ఉండగా ఫోను వచ్చింది. సాలూరు దిగి, కింద హోటలు దగ్గర బండి ఆపి చేశాడు. అక్క స్పీకరు పెట్టింది.

"దిగిపోనాను బాబాయ్."

"ముందువి ముట్టుకుని సూసినావా?"

"చూసినాను. వేడి నేదు. ఒణుకూ నేదు."

"సరే. భోంచెయ్" అన్నాడు బావ. అక్క ఫోను పెట్టేసి ఆయన కంచంలో పెరుగు వేసింది. ఆయన కలుపుకోవడం మొదలుపెట్టాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కోసిన టైర్లు గోడ పక్కన పడి ఉన్నాయి. మధ్యలో రెండు వానలు పడ్డాయి కానీ, ఆ గీతల్లో పసుపు ఇంకా పోలేదు.